చెప్పులబండ

నల్లమల కొండలు శిశిరమున రాల్చిన టేకుటాకులను తమ పాదముల చెంత నింకను కుప్పలుగా నుంచుకొనియే కొమ్మకొమ్మకును లేజివుళ్ళు తొడుగుకొనుచున్న చైత్రమాసమది. తెల్లవాఱి రెండు గడియలైనను లోయలయందు మంచుపొర విడిపోక మోదుగుపూవుల యెఱుపును సగము కప్పి సగము చూపుచుండెను. ఇప్పచెట్ల క్రింద రాలిన పూవుల మత్తువాసన గాలివెంట దిగివచ్చుచుండ సారచెట్లపై పిట్టలు తెంపులేక కలహించుచుండ తూర్పుగట్టు మీదినుండి సూర్యకిరణములు వెదురుపొదల సందుల దూరి కాలిబాటపై చారలుచారలుగా పడుచుండెను. ఆ కాలిబాట మొదట నంద్యాలనుండి వచ్చిన బస్సొకటి ఆగెను. అందుండి పదునలుగురు దిగిరి.

వీరు వసంతవిహారసంఘమువారు. ఏటేట ఉగాది వెళ్ళిన తొలి యాదివారమున కొండనెక్కి శిఖరమునకు దిగువ రాతిగిన్నెవంటి గుంటలో నడివేసవినైనను ఎండని అక్కమ్మకొలనిని చేరి అచ్చట వంట చేసికొని భుజించి ప్రొద్దు గ్రుంకకమున్నే దిగివచ్చుట వీరి వాడుక. సంఘమునకు నాయకుడు నరహరిరావుగారు. ముప్పదిమూడేండ్లు సర్వేశాఖలో భూములు కొలిచి విరమించిన యీ పెద్దమనిషి కొలతలో తప్పినవానిని దొంగకంటె హీనముగా చూచువాడు. "పదకొండేండ్లాయె. కొండమీద ఒక్క మనిషిని గానీ ఒక్క గంటెను గానీ వదిలిపెట్టి రాలేదు" అని ఆయన చెప్పగా విననివారు ఆయన పేటలో లేరు. విని విని విసిగినవారును కలరు.

ఆ లెక్కకొక పద్ధతి యుండెను. కొలనికి అరగంట దూరమున త్రోవప్రక్క బల్లపఱుపైన నల్లరాయి యొకటి కలదు. దానిని చెప్పులబండ యందురు. అక్కమ్మ చల్లని తల్లియే గాని పాదరక్షలతో తన గట్టు త్రొక్కువారిని సహింపదని ఆ ప్రాంతమువారి నమ్మకమగుటచే ఎంతవారును అచ్చట చెప్పులు విడిచి ఆపై వట్టికాళ్ళతో నడువవలసినదే. నరహరిరావుగారు ఎక్కునప్పుడు ఆ బండపైని జతలను లెక్కించుదురు. దిగునప్పుడు వెనుక వచ్చి తమ జతయు మద్దిలేటి జతయు తప్ప మఱేమియు మిగులలేదని చూచుకొందురు. మనుష్యులు కదలుచుందురు గాన లెక్కకు చిక్కరనియు చెప్పులు పెట్టినచోటనే పడియుండుననియు ఆయన సిద్ధాంతము.

మద్దిలేటి యన ఇరువదియేడేండ్లు నరహరిరావుగారి వెనుక సర్వేగొలుసు కొన పట్టుకొని చేలగట్ల వెంట నడచిన మనిషి. ఉద్యోగము ముగిసినను ఆ నడక ముగియలేదు. సంఘపుస్తకమున ఆతని పేరు లేదు. ఆతడు లేక సంఘము గడప దాటినదియు లేదు. వంటపాత్రల మూట నెత్తిన పెట్టుకొని లారీటైరు కోసి కుట్టించిన బరువు చెప్పులు టపటపలాడించుచు ఎక్కునప్పుడును దిగునప్పుడును అందఱికంటె కడపట వచ్చుట ఆతని తీరు. నడచునంతసేపును ఆతని కన్నులు ఏదో పోయిన వస్తువును వెదకుచున్నట్లు నేలమీదనే యుండును. ఎందులకట్లు నడతువని ఎవరును ఆతని నడిగి యెఱుగరు.

చదువరీ, ఆ యుదయమున నరహరిరావుగారి భుజసంచిలో పాతకాగితమున చుట్టిన మూరెడు ఇనుపపుల్ల యొకటి యుండెను. దాని కథ చెప్పక ఈ కథ నడువదు. గొలుసు చాచిన ప్రతిసారియు ముందువాడు నేలలో నొక పుల్ల గ్రుచ్చును. వెనుకవాడు దానిని పెఱికి తీసికొనును. ముందువాని చేతిలోని పది పుల్లలును అయిపోయినచో పది గొలుసుల నేల కొలిచినట్లు పుస్తకమున వ్రాసికొందురు. వెనుకవాడు పెఱికిన పుల్లలు మఱల ముందువాని చేతికి వచ్చును. ఇరువదిరెండేండ్లక్రిందట రెండు పల్లెల నడిమి పొలిమేర కొలుచునాడు నరహరిరావుగారు ఇతరులను నమ్మక తామే ముందు నడచి పుల్లలు గ్రుచ్చిరి. చేయి ఖాళీయైన ప్రతిమాఱును పది యని వ్రాసిరి. సాయంకాలము మద్దిలేటి పుల్లలు అప్పగించుచు "తొమ్మిదే ఉండాయి సారూ" అని తెల్లమొగము వేసెను. పొద్దున నేను సంచిలోనుండి తీసినవి పది యని ఆయన యుఱిమెను. కొలత తప్పి పొలిమేర జరుగుటచే రెండు పల్లెలవారును కఱ్ఱలు పట్టిరి. తలలు పగిలెను. విచారణ వచ్చెను. వెనుకమనిషి అజాగ్రత్తచే నొక పుల్ల పోయినదని నరహరిరావుగారు వ్రాసి యిచ్చిరి. మద్దిలేటి ఆఱుమాసములు పనినుండి తొలగింపబడి ఊరిలో "పుల్ల పోగొట్టినోడు" అను పేరు మోసెను.

నెల తిరుగకమున్నే నరహరిరావుగారి గుడ్డసంచి అడుగు చినిగి లోపలి యస్తరు మడతలోనుండి పదియవ పుల్ల జాఱి పడెను. పొద్దున తాను తీసినవే తొమ్మిది. తొమ్మిది గొలుసులనే పదిగా వ్రాసినది తానే. ఆ క్షణమున ఆయనకు తల కొట్టివేసినట్లయినను పెట్టె తెఱచి అడుగున దానిని దాచి తాళము వేసెను. రేపు చెప్పెదననుకొనెను. ఆ రేపు ఇరువదిరెండేండ్లైనను రాలేదు. ఈ మాఘమున గుండెలో పోటు వచ్చి పదిదినములు మంచము పట్టినపుడు మాత్రము మద్దిలేటి తలాపున కూర్చుండి విసరుచుండ ఆయన మనసు కలగిపోయెను. ఈ ఉగాది వెళ్ళినంతనే కొలనిగట్టున పుల్ల చేతికిచ్చి నిజము చెప్పివేయుదునని తనలో తాను ఒట్టుపెట్టుకొనెను.

బృందము కొండనెక్కసాగెను. బడిలో పాఠములు చెప్పు విశాలాక్షియను యువతి చెప్పులబండకు పదిగజముల దిగువ రాతిసందున కాలు చిక్కుకొని చెప్పు పట్టీ తెంపుకొనెను. ఆమె కుంటుచు వచ్చి తెగిన జతను బండపై నుంచెను. నరహరిరావుగారు జతలను వ్రేలితో చూపుచు లెక్కించి "పద్నాలుగు" అని పైకి పలికి తృప్తి చెందెను. తెగినదియు లెక్కకు జతయే గదా.

కొలను నిండుగా నుండెను. గాలి లేకుండుటచే నీటిలో కొండకొమ్ము తలక్రిందులుగా కదలక నిలిచి యుండెను. మూడురాళ్ళ పొయ్యిపై పులిహోరయు వంకాయకూరయు తయారగునంతసేపు పడుచువారు పాటలు పాడిరి. తపాలాకచేరీలో పనిచేయు ఖాజా యెగిరి కొలనిలో దూకి మెప్పు పొందెను. భోజనములైన పిమ్మట నరహరిరావుగారు సంచి భుజమున వేసికొని పొయ్యికడ కూర్చున్న మద్దిలేటిని సమీపించెను. నోరు తెఱచెను.

"మద్దిలేటీ, కూరలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైనట్లుంది" అని మాత్రము ఆయన నోట వచ్చెను.

"వయసు మీదపడె గదా సారూ, చెయ్యి అంచనా తప్పుతా ఉంది" అని మద్దిలేటి నవ్వెను.

ఆయన తిరిగి పోయి తన చోట కూర్చుండెను. తనపై తనకే రోత పుట్టెను. ఇరువదిరెండేండ్ల పాపమును నోటికొసదాక తెచ్చి ఉప్పుగా మార్చి మ్రింగినవానిని ఏమనవలెనో నాకును తెలియదు.

మధ్యాహ్నము మూడుగంటలవేళ పడమటిగట్టు వెనుకనుండి నల్లని మేఘమొకటి లేచెను. చైత్రమున నల్లమలలో నట్టి మేఘము లేచినచో వడగండ్లు తప్పవు. నరహరిరావుగారు ఈల వేసి అందఱిని లేవదీసెను. మద్దిలేటి ఒక్క కడవను మాత్రము ఉంచుకొని తక్కిన పాత్రల మూట కట్టి ఖాజా చేతికిచ్చి "నువ్వు పట్టుకొని పో తమ్ముడూ. ఈ నిప్పు ఆర్పి నేను యెనక వస్తా. ఎండుటాకులు, ఒక్క నిప్పురవ్వ పడితే కొండంతా కాలిపోతాది" అనెను. పోవుచున్న విశాలాక్షిని పిలిచి "నా చెప్పులు తొడుక్కొని దిగమ్మా. నా కాళ్ళకు రాళ్ళు కొత్తగాదు" అని చెప్పెను. ఆమె మొహమాటపడియు తుదకు ఒప్పుకొని బండకడ తన తెగిన జతను సంచిలో వేసికొని ఆ టైరుచెప్పులు తొడిగికొని పడుచువారితో గలసి దిగిపోయెను.

నరహరిరావుగారు కడపట బయలుదేఱెను. పొయ్యి యున్న వైపు వెనుదిరిగి చూడలేదు. చూచినచో మద్దిలేటి కన్పట్టునేమో. కన్పట్టినచో మాట యెత్తవలెను. ఆయన తల వంచుకొని నడచుటకు వాన యొక్కటియే కారణము కాదు. చెప్పులబండ చేరి చూడగా తన జత యొక్కటియే మిగిలి యుండెను. "ఏమి వీడు, నన్నడగకుండా ముందు పోయినాడే!" అని మొదట చిఱాకు కలిగెను. పిమ్మట ఈనాటికి తప్పించుకొంటిని గదా యని లోలోపల హాయి కలిగెను. ఇరువదియేడేండ్లు తన వెనుక నడచినవాడు ఈ యొక్కదినము ముందు నడచునాయని ఆయన ఆలోచింపలేదు. బండ ఖాళీగా నుండెను. ఖాళీని ఆయన ఎన్నడును శంకించి యెఱుగడు.

బస్సెక్కునప్పటికి పెద్దపెద్ద చినుకులు పడసాగెను. ఎవరికి వారు తడిగుడ్డలు పిండుకొనుచు సీట్లలో సర్దుకొనుచుండ విశాలాక్షి టైరుచెప్పులు చేతబట్టుకొని ఆ కొననుండి ఈ కొనకు చూచుచు వచ్చెను.

"సార్, మద్దిలేటన్న యాడ?"

"ముందే దిగినాడు గదమ్మా. బండమీద వాడి చెప్పులు లేవు."

"చెప్పులు నేను తొడుక్కొని వచ్చినాను సార్. నా చెప్పు తెగిందని ఆయనే ఇచ్చినాడు. ఇవిగో."

నరహరిరావుగారు ఆ చెప్పులను చేతిలోనికి తీసికొని అటునిటు త్రిప్పి చూచెను. వానిలో చూడదగినదేమియు లేదు. ఖాజా ముఖము వెలవెలబోయి "నిప్పార్పి వస్తానన్నాడు సార్. మీతో వస్తున్నాడనుకుంటి" అని గొణిగెను. ఆ మాట ముగియకమున్నే బస్సుపైకప్పు మీద వడగండ్లు గులకరాళ్ళు కుమ్మరించినట్లు మ్రోగెను. వాన వెలియువఱకు ఆగుడని కొందఱు వారించిరి. నరహరిరావుగారు వారి మాట చెవినిబెట్టక దిగిపోయెను. ఖాజా టైరుచెప్పులు నడుమున దోపుకొని వెనుక పరుగెత్తెను.

ఆ యెక్కుడు వర్ణింప నాకు మనసొప్పదు. ఉదయమున పూలవాసన తెచ్చిన గాలియే యిప్పుడు మంచుగడ్డలను మొగమున విసరికొట్టుచుండెను. మోదుగుపూవులన్నియు రాలి బురదలో నలగి యుండెను. మాఘమున మంచము పట్టిన గుండె అడుగడుగునకును మొఱాయించుచుండ ఆయన చెట్టుచెట్టును పట్టుకొనుచు ఎక్కెను. మధ్యమధ్య నిలిచి "మద్దిలేటీ!" యని కేక వేసెను. ఇరువదియేడేండ్లలో ఆయన కేకకు "సారూ" అను మాట వెంటనే రానిది అదియే మొదటిమాఱు. భయమనగా నేమో అప్పుడు ఆయనకు తెలిసెను. మద్దిలేటి చనిపోయినచో పుల్ల సంగతి ఇక నెవరికి చెప్పవలెనను తలంపు మొదట వచ్చెను. అట్టి సమయమునందును తన బరువునే తలచుకొంటినని మఱుక్షణమున సిగ్గు వచ్చెను. చెప్పులబండకడ అంత తొందరలోను అలవాటుచొప్పున ఇద్దఱును చెప్పులు విడిచిరి. ఖాజా టైరుచెప్పులను గూడ వాని ప్రక్కనే యుంచెను.

వారు గట్టెక్కునప్పటికి వాన వెలిసి మునిమాపు చీకట్లు కొలనిపై వ్రాలుచుండెను. నీటియంచున పాచిరాళ్ళనడుమ మద్దిలేటి వెనుకకు చేరగిలబడి కూర్చుండి యుండెను. పొయ్యి మూడురాళ్ళును తడిసి చల్లగా నుండెను. కడవతో మూడవసారి నీళ్ళు తెచ్చుచు పాచిపై జాఱుటచే కుడికాలి మడమపైన నెముక విఱిగెను. ఆతడు తలపాగ విప్పి రెండు కట్టెపుల్లలు పెట్టి కట్టు కట్టుకొనియుండెను. పెదవులు నీలమెక్కి ఒడలెల్ల వణకుచుండినను వారిని చూడగానే ఆతని మొగము వికసించెను.

"వస్తారని తెలుసు సారూ. బండకాడ లెక్క చూసుకొని వస్తారులే అని ఎదురుచూస్తా కూచున్నా. మీ లెక్క ఏనాడన్నా తప్పిందా!" అనెను.

కత్తితో పొడిచినను నరహరిరావుగారు అంత బాధపడియుండడు. ఆయన ఆ తడిరాళ్ళమీదనే మోకరిల్లి సంచి తెఱచి కాగితము విప్పి ఇనుపపుల్లను మద్దిలేటి యొడిలో పెట్టెను.

"తప్పింది మద్దిలేటీ. ఇయ్యాలా తప్పింది, ఆనాడూ తప్పింది. నీ చెప్పులు లేవని నువ్వు దిగిపోయినావనుకొన్నా. వెనక్కి తిరిగి చూడలా. ఆనాడు పుల్ల నువ్వు పోగొట్టలేదు. నేను బయటికి తీసింది తొమ్మిదే. ఇది నా సంచిలోనే ఉండిపోయింది. నెలలోపలే దొరికింది నాకు. చెప్పలేకపోయినా."

మద్దిలేటి పుల్లను చేతిలోనికి తీసికొనెను. దాని తలకట్టున వెలిసిపోయిన యెఱ్ఱగుడ్డపేలిక యొకటి యింకను వ్రేలాడుచుండెను. పుల్లలు గడ్డిలో కనబడవలెనని ఆ పేలికలను తన భార్య పాతచీరె అంచునుండి చింపి పదింటికిని కట్టినవాడు ఆతడే. ఆ ముడిని ఆతడు బొటనవ్రేలితో తడవెను. నీటిలో తలక్రిందులుగా నున్న కొండకొమ్ము మెల్లగా చీకటిలో కలసిపోవుచుండెను.

"నేనే పారేసినా అనుకుంటి సారూ" అనెను తుదకు. "మీరు పది తీసినానంటే పదే తీసింటారు, సారు తప్పు చెప్పరు గదా అనుకుంటి. ఏటా వేసవిలో చేలు దున్నకముందు పోయి ఆ పొలిమేరంతా వెతికేవాణ్ని. పోయినేడు గూడా పోయినా. యాడన్నా కనపడితే మీకు తెచ్చిచ్చి, ఇదో సారూ దొరికింది అని చెప్పాలనుకుంటి."

మద్దిలేటి నేల చూచుచు నడచుట ఎందులకో యిప్పుడు నరహరిరావుగారికి తెలిసెను. క్షమింపుమని వేడవలెనని తలంచెను గాని ఆ వేడుకోలును మద్దిలేటి మోయవలసిన మఱియొక మూటయే యగునని తోచి మానుకొనెను. మద్దిలేటి కోపించి నాలుగు మాటలన్నను ఆయనకు ప్రాణము కుదుటబడియుండును.

ఖాజా ఒకవైపునను నరహరిరావుగారు ఒకవైపునను చేయి వేసి ఆతనిని లేవనెత్తిరి. రెండడుగులు వేసిన పిమ్మట మద్దిలేటి ఆగెను. నరహరిరావుగారి భుజముపైనుండి తన చేతిని మెల్లగా తీసివేసెను. అందు విసురు లేదు. పుల్లను రొండిన దోపుకొని రెండుచేతులును ఖాజా మెడచుట్టు వేసెను.

"తమ్ముడూ, నువ్వే పట్టుకో. సారుకు గుండె బాగలేదు" అనెను.

అది దయయో శిక్షయో నరహరిరావుగారు ఆనాడును తెలిసికొనలేదు, పిమ్మటను తెలిసికొనలేదు. బలశాలియగు ఖాజా మద్దిలేటిని వీపున నెక్కించుకొని ముందు నడచెను. నరహరిరావుగారు వెనుక నడచెను. ఇరువదియేడేండ్ల వరుస ఆ దినమున తిరుగబడెను. ఆయన కన్నులు ముందుపోవు ఆ ముసలివీపునే అంటిపెట్టుకొని యుండెను. ఒక్కసారి ఱెప్పపాటు చాలును ఆ వీపు మాయమైపోవుననునట్లు ఆయన చూచుచుండెను. ఖాజా బండకడ క్షణమాగి తన జత తొడిగికొనెను. మద్దిలేటి వంగి తన టైరుచెప్పులను తన చేతితోనే అందుకొనెను. నరహరిరావుగారు బండవైపు చూడలేదు. లెక్కింపను లేదు. రాళ్ళు కాళ్ళను కోయుచున్నను తెలియక వారివెంట దిగిపోయెను.

బస్సుకడ విశాలాక్షి మొగము మొగము చూచుచు పదునలుగురిని లెక్కించి కన్నీరు తుడిచికొనెను. ఆ లెక్క సరిపోయెను. పైన కొండమీద మాత్రము తడిసిన నల్లబండపై నరహరిరావుగారి చెప్పులజత ఒంటిగా మిగిలియుండెను. ఆయన పద్ధతిచొప్పున చూచినచో ఆ కొండపైనుండి ఇంకను ఒకడు దిగివచ్చి యుండలేదు.